కొత్త వెర్షన్ శనివారం రిలీజ్ – సెటప్ ఫైల్‌లో ఇంకా ఏమేం పరీక్షించాలి?

మిర్చియార్డ్_కోడర్ · సోమవారం, ఉదయం 10:12

అందరికీ నమస్కారం. మేం ఎరువులు, పురుగుమందుల కొట్లకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేస్తాం. గుంటూరులో చిన్న ఆఫీసు, ముగ్గురం. ఇప్పుడు నడుస్తున్నది 4వ వెర్షన్, 140 కొట్లలో ఉంది. 5వ వెర్షన్ మొత్తం కొత్తగా రాశాం. శనివారం ఇస్తామని కస్టమర్లకు మాటిచ్చేశాను. వాట్సాప్‌లో పోస్టర్ కూడా తిరుగుతోంది.

ప్రోగ్రామ్ వరకు బాగానే టెస్ట్ చేసుకున్నాం. నా సందేహమల్లా సెటప్ ఫైల్ గురించి. ఇన్నో సెటప్ అనే సెటప్ తయారీ టూల్‌తో చేశాను. నా లాప్‌టాప్‌లో ఎక్కింది, మావాడి లాప్‌టాప్‌లో ఎక్కింది, ఆఫీసు సిస్టమ్‌లోనూ ఎక్కింది. మూడు చోట్లా నెక్స్ట్, నెక్స్ట్, ఫినిష్. ఇంక చాలా, లేక ఇంకేమైనా చూడాలా? ఇదివరకు ఒకసారి చేతులు కాల్చుకున్నాను, అందుకే అడుగుతున్నా.

ఓరుగల్లు_బిట్స్ · సోమవారం, ఉదయం 10:31

అన్నా, ఆ మూడూ డెవలపర్ల మిషన్లే కదా. వాటిలో విజువల్ స్టూడియో ఉంటది, ప్రోగ్రామ్ నడవడానికి కావాల్సిన సహాయక ఫైళ్ళు (రన్‌టైమ్‌లు) అన్నీ ముందే ఉంటయి. నీ సెటప్ ఏం మర్చిపోయినా అవి కప్పేస్తయి. ఖాళీ విండోస్ మీద ఎక్కించి చూడు. విండోస్ సాండ్‌బాక్స్ అయితే ఇంకా సులువు. తెరిచిన ప్రతిసారీ కొత్త విండోస్ లెక్క ఉంటది, మూసేస్తే అంతా పోతది.

మిర్చియార్డ్_కోడర్ · సోమవారం, ఉదయం 10:40

నాది హోమ్ ఎడిషన్ బ్రదర్. సాండ్‌బాక్స్ కనిపించడం లేదు.

ఓరుగల్లు_బిట్స్ · సోమవారం, ఉదయం 10:44

హోమ్‌లో రాదు, ప్రో కావాలె. వర్చువల్‌బాక్స్ వేసుకో, కంప్యూటర్ లోపల ఇంకో ఉత్తుత్తి కంప్యూటర్ (వర్చువల్ మిషన్) నడుపుతది. విండోస్ ఎక్కించినంక ఒక స్నాప్‌షాట్ (ఆ క్షణంలో మిషన్ ఉన్న స్థితి) తీసి పెట్టు. ప్రతి టెస్ట్ తర్వాత అక్కడికే వెనక్కి పో. సాండ్‌బాక్స్ కంటే అదే నయం, పాత వెర్షన్ ఎక్కించి వాడిన స్థితిని కూడా స్నాప్‌షాట్‌గా దాచుకోవచ్చు.

కావేరి_క్యూఏ · సోమవారం, ఉదయం 11:25

ఖాళీ విండోస్ మీద చూడటం అవసరమే. కానీ మీకు 140 మంది పాత కస్టమర్లు ఉన్నారంటున్నారు. అంటే శనివారం మీ సెటప్‌ను నొక్కేవాళ్ళలో దాదాపు ఎవరి దగ్గరా ఖాళీ మిషన్ ఉండదు. అందరి దగ్గరా 4వ వెర్షన్, దాని వెనక ఏళ్ళ తరబడి లెక్కలు ఉంటాయి. నేను పదకొండేళ్ళుగా ఇదే పనిలో ఉన్నాను. కొత్తగా ఎక్కించేటప్పుడు వచ్చే గొడవ ఏదైనా ఒక ఫోన్ కాల్‌తో పోతుంది. అప్‌గ్రేడ్‌లో వచ్చే గొడవకు మనిషే వెళ్ళాల్సి వస్తుంది.

మూడు విషయాలు చెప్పండి. 4వ వెర్షన్ దేనిలో రాశారు? డేటా ఏ ఫైల్‌లో, ఏ ఫోల్డర్‌లో ఉంది? 5వ వెర్షన్ ఆ డేటాను ఎప్పుడు, ఎలా తీసుకుంటుంది?

మిర్చియార్డ్_కోడర్ · సోమవారం, మధ్యాహ్నం 12:05

4వ వెర్షన్ వీబీ6 (పాత విజువల్ బేసిక్ 6) అండి. నవ్వకండి, మా గురువుగారు రాసినది, నేను మోస్తున్నాను. డేటా ఉన్నది మైక్రోసాఫ్ట్ యాక్సెస్ వారి ఎండీబీ అనే డేటాబేస్ ఫైల్‌లో. ప్రోగ్రామ్ ఫైల్స్ ఎక్స్86లో మా ఫోల్డర్‌లోనే, ఈఎక్స్ఈ (ప్రోగ్రామ్ ఫైల్) పక్కనే ఉంటుంది. 5వది సీ షార్ప్ భాషలో, 64 బిట్, డేటా ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్‌లో. సెటప్ నడుస్తున్నప్పుడే ఒక చిన్న ప్రోగ్రామ్ పాత ఎండీబీని చదివి కొత్తదానిలో పోస్తుంది. నా లాప్‌టాప్‌లో 40 వేల బిల్లులు రెండు నిమిషాల్లో వచ్చేశాయి.

ఫుల్_యాక్సెస్ · సోమవారం, మధ్యాహ్నం 12:20

అయితే అంతా బాగున్నట్టే కదా. రిలీజ్ చేసేయ్ భాయ్. ఎక్కువ ఆలోచిస్తే ఏ సాఫ్ట్‌వేరూ బయటికి రాదు.

పాత_ఫ్లాపీ · సోమవారం, మధ్యాహ్నం 1:48

అబ్బాయ్, పోస్టర్ సంగతి తర్వాత చూద్దాం. ముందు ఇది చదువు.

ఎక్స్‌పీ కాలంలో దాదాపు అందరూ అడ్మిన్ ఖాతాతోనే పనిచేసేవాళ్ళు, అందుకే చాలా ప్రోగ్రాములు ప్రోగ్రామ్ ఫైల్స్‌లోనే డేటా రాసుకునేవి. విస్టా నుంచి అడ్మిన్ ఖాతాలో తెరిచినా ప్రోగ్రామ్ మామూలు హక్కులతోనే నడుస్తుంది, ఆ హక్కులతో అక్కడ రాయడం కుదరదు. ఉన్నట్టుండి పాత ప్రోగ్రాములన్నీ ఆగిపోతే జనం ఊరుకోరు కాబట్టి మైక్రోసాఫ్ట్ ఒక కనికట్టు చేసింది. మ్యానిఫెస్ట్ (తనకు ఏ హక్కులు కావాలో విండోస్‌కు చెప్పే చీటీ) లేని పాత 32 బిట్ ప్రోగ్రామ్ అక్కడ రాయబోతే, విండోస్ ‘రాశాను’ అని చెప్పి, ఆ ఫైల్‌కు ఒక కాపీ తీసి యూజర్ సొంత ఫోల్డర్‌లో పెడుతుంది. యాప్‌డేటా, అందులో లోకల్, అందులో వర్చువల్‌స్టోర్. ఆపైన రాతా చదువూ అన్నీ ఆ కాపీలోనే. ప్రోగ్రామ్‌కు మాత్రం తాను ప్రోగ్రామ్ ఫైల్స్‌లోనే ఉన్నాననే భ్రమ.

నీ వీబీ6 ఈఎక్స్ఈ సరిగ్గా ఆ కోవకు చెందినదే. అంటే నీ కస్టమర్ల అసలు లెక్కలు ప్రోగ్రామ్ ఫైల్స్‌లో లేవు. అక్కడున్న ఎండీబీ ఇన్‌స్టాల్ చేసిన రోజున ఎలా ఉందో అలాగే పడి ఉంటుంది. బతికున్న ఫైల్ వర్చువల్‌స్టోర్‌లో ఉంది.

ఇక నీ కొత్త ప్రోగ్రామ్‌కు ఈ కనికట్టు వర్తించదు. 64 బిట్‌కు అసలు ఉండదు. 32 బిట్‌గా చేసినా, సీ షార్ప్ కంపైలర్ తనంతట తానే ఒక మ్యానిఫెస్ట్ పెడుతుంది కాబట్టి అప్పుడూ ఉండదు. నీ సెటప్ అడ్మిన్ హక్కుతో నడుస్తుంది, అందులోంచి లేచే చిన్న ప్రోగ్రామ్‌కూ అవే హక్కులు వస్తాయి. అది నేరుగా ప్రోగ్రామ్ ఫైల్స్‌లోని ముసలి ఫైల్‌ను చదివి ‘విజయవంతంగా పూర్తయింది’ అంటుంది. ఎర్రర్ ఉండదు, హెచ్చరిక ఉండదు. కొట్టాయన తెరిచి చూస్తే స్టాకంతా ఏ 2016లోనో ఆగిపోయి ఉంటుంది.

నీ లాప్‌టాప్‌లో ఎందుకు సరిగ్గా వచ్చిందో తెలుసా? నువ్వు వీబీని ‘రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్’ అని తెరుస్తావు. అందులోంచి నడిపిన ప్రోగ్రామ్ నిజంగానే ప్రోగ్రామ్ ఫైల్స్‌లో రాస్తుంది.

మిర్చియార్డ్_కోడర్ · సోమవారం, మధ్యాహ్నం 1:55

సర్, అవును. ఐకాన్ మీద ఆ టిక్ నేనే పెట్టుకున్నాను. ఎన్నేళ్ళ క్రితమో కూడా గుర్తులేదు. ఇప్పుడు టెన్షన్ మొదలైంది.

ఫుల్_యాక్సెస్ · సోమవారం, మధ్యాహ్నం 2:30

ఇదంతా పుస్తకాల్లో సంగతి. మేం కస్టమర్ దగ్గరికి వెళ్ళగానే మొదట చేసే పని యూఏసీ (మార్పులకు ముందు అనుమతి అడిగే విండోస్ కాపలా) ఆపేయడం. పదేళ్ళలో ఈ వర్చువల్‌స్టోర్ ముఖం చూడలేదు.

పాత_ఫ్లాపీ · సోమవారం, మధ్యాహ్నం 2:52

విండోస్ 7లో యూఏసీ సెట్టింగ్ స్లైడర్‌ను అట్టడుగుకు లాగితే యూఏసీ నిజంగా పోతుంది, వర్చువల్‌స్టోరూ పోతుంది. విండోస్ 8 నుంచి స్లైడర్ కిందికి లాగితే అడగడం మాత్రమే మానేస్తుంది. కనికట్టు నడుస్తూనే ఉంటుంది. కాబట్టి మీ కస్టమర్ల దగ్గర రెండు రకాలూ ఉన్నాయి, మీరు చూడలేదు, అంతే. ఇవాళ ఒక విండోస్ 10 కొట్టుకు వెళ్ళినప్పుడు చూసి ఇక్కడ రాయండి.

నెట్‌సెంటర్_శీను · సోమవారం, సాయంత్రం 4:10

నేను తెనాలి వైపు కొట్లకు సిస్టమ్ సర్వీసింగ్ చేస్తాను. ఫ్లాపీ గారు చెప్పింది చదివాక ఒక పాత సంగతికి ఇవాళ అర్థం తెలిసింది. ఒక కొట్టులో యజమాని మేనల్లుడు ప్రతి ఆదివారం బుద్ధిగా ప్రోగ్రామ్ ఫైల్స్ నుంచి డేటా ఫైల్‌ను పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసేవాడు. హార్డ్ డిస్క్ పోయింది. పెన్‌డ్రైవ్ తెరిస్తే అన్ని వారాల ఫైళ్ళూ ఒకే సైజు, లోపల ఒక్క బిల్లు లేదు. ఆ కుర్రాడు అబద్ధం చెబుతున్నాడని అందరూ తిట్టారు. వాడు నిజంగానే కాపీ చేశాడన్నమాట.

కావేరి_క్యూఏ · సోమవారం, సాయంత్రం 4:26

పాపం ఆ అబ్బాయికి ఎవరైనా చెప్పండి ఈ సంగతి.

మిర్చియార్డ్ గారూ, ఊహలు వద్దు. వర్చువల్ మిషన్‌లో విండోస్ 10 వేసి మామూలు యూజర్‌తో 4వ వెర్షన్‌ను వాడండి. ఒక పది బిల్లులు కొట్టండి. స్నాప్‌షాట్ తీయండి. ఆ తర్వాత 5వది ఎక్కించండి.

మిర్చియార్డ్_కోడర్ · మంగళవారం, రాత్రి 11:38

చేశాను. కొత్తదానిలో పది బిల్లుల్లో ఒక్కటి కూడా రాలేదు. మైగ్రేషన్ (పాత డేటాను కొత్తదానిలోకి మార్చడం) మాత్రం ‘విజయవంతం’ అని పచ్చరంగులో చూపించింది. ఆ పచ్చరంగు నేనే పెట్టాను.

అంతేకాదు, ఇంకో రెండు బయటపడ్డాయి. కంట్రోల్ ప్యానెల్‌లో ప్రోగ్రామ్ రెండుసార్లు కనిపిస్తోంది. పాతదాన్ని అక్కడి నుంచి తీసేస్తే డెస్క్‌టాప్ మీద కొత్తదాని షార్ట్‌కట్ కూడా పోతోంది.

ఫ్రిస్కో_బావ · బుధవారం, ఉదయం 6:15

రెండుసార్లు కనిపించడానికి రెండు కారణాలు ఉండొచ్చు. ఇన్నో స్క్రిప్ట్‌లో యాప్‌ఐడీ (ప్రోగ్రామ్ గుర్తింపు) అని విడిగా ఇవ్వకపోతే అది యాప్ పేరునే ఐడీగా తీసుకుంటుంది. నువ్వు పేరులో ‘4’ తీసి ‘5’ పెట్టి ఉంటావు, దాని లెక్కలో అది వేరే ప్రోగ్రామ్. రెండోది, ఐడీ ఒకటే అయినా పాతది 32 బిట్‌గా, కొత్తది 64 బిట్‌గా ఎక్కితే రిజిస్ట్రీలో (విండోస్ తన సెట్టింగులు రాసుకునే చోటు) వేరు వేరు చోట్ల రాసుకుంటాయి, ఒకదానికొకటి కనబడవు. షార్ట్‌కట్ రెండింటికీ ఒకే పేరు కాబట్టి, పాతదాని అన్‌ఇన్‌స్టాలర్ అది తనదే అనుకుని తీసేసింది.

అన్నట్టు, అన్‌ఇన్‌స్టాల్ సెక్షన్‌లో ఏం రాశావో ఒకసారి ఇక్కడ చెప్పు. నాకు అక్కడే ఎక్కువ భయం.

మిర్చియార్డ్_కోడర్ · బుధవారం, ఉదయం 8:02

మా ఫోల్డర్ మొత్తం, లోపలున్న వాటితో సహా తీసేయమని రాసి ఉంది. చెత్త మిగలకూడదని.

ఫ్రిస్కో_బావ · బుధవారం, ఉదయం 8:20

అదే అనుకున్నా. కస్టమర్ ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఫోల్డర్‌గా నేరుగా డి డ్రైవ్‌ను ఎంచుకున్నాడనుకో. అన్‌ఇన్‌స్టాల్ చేసిన రోజు డి డ్రైవ్ మొత్తం ఊడ్చుకుపోతుంది. వాళ్ళ అమ్మాయి పెళ్ళి ఫొటోలు కూడా.

ఇది నేను భయపెట్టడానికి అల్లింది కాదు. 1998 డిసెంబర్‌లో మిత్ 2 అనే గేమ్‌కు సరిగ్గా ఇదే జరిగింది. డ్రైవ్ మొదట్లోనే ఇన్‌స్టాల్ చేసినవాళ్ళు అన్‌ఇన్‌స్టాల్ నొక్కితే డ్రైవ్ మొత్తం తుడిచిపెట్టేది. బంగీ కంపెనీ డబ్బాల్లోకి ఎక్కించిన సీడీలను వెనక్కి పిలిపించుకుంది. 2001 నవంబర్‌లో ఆపిల్ ఐట్యూన్స్ 2 ఇచ్చింది. మ్యాక్‌లో డిస్క్ పేరు మధ్య ఖాళీ ఉంటే ఇన్‌స్టాలర్ స్క్రిప్ట్ దాన్ని రెండు ముక్కలుగా చదివి వేరే డ్రైవ్‌లో డేటా చెరిపేసింది. కోట్ గుర్తులు పెట్టకపోవడం, అంతే తప్పు. వెంటనే 2.0.1 ఇచ్చారు. 2007 డిసెంబర్‌లో ఈవ్ ఆన్‌లైన్ గేమ్ అప్‌డేట్ ఒకటి తన ఫోల్డర్‌లోని బూట్.ఐఎన్ఐ అనే ఫైల్ తీయబోయి సి డ్రైవ్ మొదట్లో ఉన్న విండోస్ వాళ్ళ బూట్.ఐఎన్ఐని తీసేసింది. ఎక్స్‌పీ మిషన్లు మళ్ళీ లేవలేదు.

మూడూ పెద్ద టీములే. మూడింటిలోనూ టెస్టర్ల మిషన్లలో ఫోల్డర్లు చెప్పినట్టే ఉండి ఉంటాయి. నువ్వు పెట్టిన ఫైళ్ళను పేరు పేరునా తీసేయ్. నువ్వు పెట్టనివాటి జోలికి వెళ్ళకు. ఇన్నో మామూలుగా చేసేది అదే, మనమే అతితెలివికి పోతాం. పరీక్ష ఎలా అంటే, డి డ్రైవ్‌లో ఊరికే రెండు ఫైళ్ళు పడేసి, అక్కడే ఇన్‌స్టాల్ చేసి, తీసేసి చూడు.

ఓరుగల్లు_బిట్స్ · బుధవారం, ఉదయం 9:05

నేను ఇప్పుడే లేచి పోయి మా స్క్రిప్ట్ చూసుకున్న. మాది కూడా గట్లనే ఉంది. థాంక్స్ బావా.

కావేరి_క్యూఏ · బుధవారం, ఉదయం 10:30

మైగ్రేషన్‌కు వద్దాం. నా అభిప్రాయం ఏమిటంటే, డేటా మార్చే పనిని సెటప్ లోపల చేయకండి. సెటప్ పని ఫైళ్ళు పెట్టడం వరకే. కొత్త ప్రోగ్రామ్ మొదటిసారి తెరిచినప్పుడు ఆ యూజర్ పేరుతోనే పాత డేటా వెతకండి. అప్పుడు ఎన్ని బిల్లులు దొరికాయి, చివరి బిల్లు తేదీ ఎంత అన్నది తెర మీద చూపించి ‘ఇదేనా?’ అని కొట్టు యజమానిని అడగొచ్చు. చివరి బిల్లు 2016 అని కనిపిస్తే ఆయనే ఆగమంటారు.

కొట్లలో ఇంకో మెలిక ఉంటుంది. గుమాస్తా లాగిన్‌లో ఇన్‌స్టాల్ మొదలుపెడతారు, అడ్మిన్ పాస్‌వర్డ్ అడిగితే యజమాని వచ్చి తనది కొడతారు. ఆ క్షణం నుంచి సెటప్ దృష్టిలో యూజర్ యజమానే. మీరు ‘ఈ యూజర్ డాక్యుమెంట్స్’, ‘ఈ యూజర్ డెస్క్‌టాప్’ అని రాసినవన్నీ యజమాని ఖాతాలోకి పోతాయి. గుమాస్తాకు ఐకానే కనబడదు. రెండు ఖాతాలు పెట్టుకుని ఇది తప్పకుండా చేసి చూడండి.

మిర్చియార్డ్_కోడర్ · బుధవారం, మధ్యాహ్నం 12:15

అక్కా, మొదటిసారి తెరిచినప్పుడు అంటే బాగానే ఉంది. కానీ నా 64 బిట్ ప్రోగ్రామ్ నుంచి ఎండీబీ చదవడం కుదరడం లేదు. యాక్సెస్ డేటాబేస్ ఇంజిన్ 64 బిట్ వేయబోతే, కొట్టులో 32 బిట్ ఆఫీస్ ఉంది కాబట్టి వేయను పొమ్మంటోంది.

పాత_ఫ్లాపీ · బుధవారం, మధ్యాహ్నం 12:40

ఆ ఇంజిన్ జోలికే పోకు. ఎండీబీని చదివే 32 బిట్ జెట్ 4.0 ఇంజిన్ విండోస్‌తోనే వస్తుంది, ఏమీ వేయక్కర్లేదు. దానికి 64 బిట్ రూపం లేదు, అంతే. నీ చిన్న మైగ్రేషన్ ప్రోగ్రామ్‌ను 32 బిట్‌గానే ఉంచి, పెద్ద ప్రోగ్రామ్ నుంచి పిలువు.

అసలు ఒక మాట అడుగుతాను. ఎరువుల బిల్లులకు 64 బిట్ ఎందుకయ్యా? కొట్లలో 32 బిట్ విండోస్ 7లు ఇంకా లేవా?

మిర్చియార్డ్_కోడర్ · బుధవారం, మధ్యాహ్నం 12:52

ఫోన్ చేసి లెక్క తీశాను సర్. 140లో 19 ఉన్నాయి. వాటిలో నా సెటప్ తెరుచుకోనే తెరుచుకోదు. 64 బిట్ ఎందుకు అంటే, నిజానికి జవాబు లేదు. ప్రాజెక్ట్ మొదలుపెట్టినప్పుడు ఆ ఆప్షన్ కనిపించింది, పెట్టాను.

32కి మారుస్తున్నా.

నెట్‌సెంటర్_శీను · బుధవారం, సాయంత్రం 5:35

32 బిట్ విండోస్ 7 అంటున్నారు కాబట్టి చెబుతున్నా. వాటిలో చాలావాటికి అప్‌డేట్లు ఎప్పుడో ఆపేశారు. సీ షార్ప్ ప్రోగ్రాములకు కావాల్సిన డాట్‌నెట్ 4.8 ఉండదు, విసి రన్‌టైమ్ డీఎల్‌ఎల్ (ఇంకో సహాయక ఫైల్) కనబడలేదు అని ఎర్రర్ వస్తుంది. ఎస్‌క్యూలైట్ డీఎల్‌ఎల్ దగ్గర ఈ గొడవ నేను చూశాను. నెట్ నుంచి దించుకుంటుందిలే అని వదిలేయకండి. సగం కొట్లలో నెట్ అంటే యజమాని ఫోన్ హాట్‌స్పాటే. ఆయన భోజనానికి వెళ్తే నెట్ కూడా వెళ్ళిపోతుంది. అన్నీ సెటప్‌లోనే పెట్టండి. నెట్ కేబుల్ పీకేసి ఒకసారి మొత్తం టెస్ట్ చేయండి.

కరెంటు సంగతి కూడా చూడాలి. ఇన్‌స్టాల్ సగంలో క్యాన్సిల్ నొక్కితే సెటప్ వెనక్కి సర్దుకుంటుంది. కరెంటు పోతే సర్దేవాడు ఎవరు? మళ్ళీ వచ్చాక అదే సెటప్ రెండోసారి నొక్కితే మామూలుగా పూర్తవ్వాలి. వర్చువల్ మిషన్‌ను సగంలో ‘పవర్ ఆఫ్’ కొట్టి చూడొచ్చు.

ఫుల్_యాక్సెస్ · బుధవారం, రాత్రి 9:14

ఇవాళ ఒక విండోస్ 10 కొట్టుకు వెళ్ళాను. స్లైడర్ అట్టడుగున ఉంది, నేనే లాగాను. వర్చువల్‌స్టోర్ ఫోల్డర్ తెరిచి చూశాను.

ఉంది. మాది, ఇంకో కంపెనీ వాళ్ళది, రెండూ ఉన్నాయి.

పాత_ఫ్లాపీ · బుధవారం, రాత్రి 9:20

చూసి వచ్చి చెప్పావు, అది నచ్చింది.

లిపి_లక్ష్మి · గురువారం, ఉదయం 7:45

ఇన్‌స్టాలర్లతో కాదు గానీ తెలుగు ఫాంట్లతో నాకు పని. ఒకటి రెండు సంగతులు చెబుతాను. మీ తెరల మీద తెలుగు ఏ ఫాంట్‌లో పెట్టారు?

మిర్చియార్డ్_కోడర్ · గురువారం, ఉదయం 8:10

గౌతమి అండి. అది విండోస్‌లో ఎప్పటినుంచో ఉంటుంది కదా.

లిపి_లక్ష్మి · గురువారం, ఉదయం 8:32

ఎక్స్‌పీ నుంచి 8 దాకా ఉండేది. విండోస్ 10 నుంచి గౌతమి, వాణి రెండూ విడిగా ఎంచుకోవాల్సిన ఫాంట్ల జాబితాలోకి వెళ్ళిపోయాయి. తెలుగు భాషను జోడించుకున్న మిషన్‌లో అవి దిగుతాయి, ఇంగ్లిష్ మాత్రమే ఉన్న మిషన్‌లో ఉండవు. మీరు తెలుగు టైప్ చేస్తారు కాబట్టి మీ మూడు లాప్‌టాప్‌లలోనూ ఉన్నాయి. కొట్టులో లేకపోతే విండోస్ దాని బదులు నిర్మల యూఐ వాడుతుంది. అక్షరాలు కనిపిస్తాయి కానీ వెడల్పు వేరు. ‘బిల్లు ముద్రించు’ అన్న బటన్ మీద ‘బిల్లు ముద్రిం’ వరకే పడుతుంది. నేరుగా నిర్మల యూఐ పెట్టుకుంటే 10, 11లలో సరిపోతుంది. 7లో అది లేదు కాబట్టి అక్కడ గౌతమినే ఉంచండి.

రెండోది, కంప్యూటర్ యూజర్ పేరే తెలుగులో ఉంటే? లోకల్ ఖాతాను ‘శ్రీలక్ష్మి’ అని తెలుగులో టైప్ చేసి తెరిచినవాళ్ళు నాకు తెలుసు. అప్పుడు యూజర్స్ లోపలి ఫోల్డర్ పేరు కూడా తెలుగే. తమిళం, హిందీలాగే తెలుగుకూ విండోస్‌లో పాత ప్రోగ్రాములు వాడే ఏఎన్ఎస్ఐ కోడ్‌పేజీ (అక్షరాలకు అంకెలిచ్చే పట్టిక) ఎప్పుడూ లేదు, అన్ని భాషలకూ పనికొచ్చే యూనికోడ్ ఒక్కటే దారి. యూనికోడ్ తెలియని ప్రోగ్రామ్‌కు ఆ ఫోల్డర్ పేరు వరసగా ప్రశ్నార్థకాలుగా కనబడుతుంది. వీబీ6 అలాంటిదే. టెంప్ ఫోల్డర్ కూడా ఆ దారిలోనే ఉంటుంది కాబట్టి సెటప్ పిలిచే చిన్న చిన్న ప్రోగ్రాములు కూడా అక్కడ బోర్లా పడొచ్చు.

మిర్చియార్డ్_కోడర్ · గురువారం, ఉదయం 8:50

మా కొట్లలో కనీసం నాలుగైదు పేర్లు తెలుగులో ఉన్నాయి. శుభమని పసుపు కుంకుమ పెట్టి, దేవుడి పేరుతో ఖాతా తెరిచినవి.

ఫ్రిస్కో_బావ · గురువారం, ఉదయం 9:30

నవ్వు ఆగలేదు. కానీ వాటినే ముందు టెస్ట్ చెయ్.

ఇంకొకటి. నువ్వు సెటప్‌ను అన్ని మిషన్లకూ పెన్‌డ్రైవ్‌తో తీసుకెళ్ళి టెస్ట్ చేశావు, అవునా? శనివారం వాళ్ళు లింక్ నుంచి దించుకుంటారు. అది వేరే దారి. బ్రౌజర్ దించిన ఫైల్‌కు విండోస్ ‘ఇది నెట్ నుంచి వచ్చింది’ అని ఒక గుర్తు పెడుతుంది. పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ చేసినదైతే ఆ గుర్తు నిలవదు. అందుకే నీకు స్మార్ట్‌స్క్రీన్ (తెలియని ప్రోగ్రామ్‌ను ఆపే విండోస్ హెచ్చరిక) నీలం తెర ఇంతవరకు కనబడలేదు. ఫైల్ మీదేనని రుజువు చేసే డిజిటల్ సంతకం ఉందా?

మిర్చియార్డ్_కోడర్ · గురువారం, ఉదయం 9:41

లేదు బావా. ఇప్పుడే లింక్ నుంచి దించి చూశాను, నీలం తెర వచ్చింది. ‘రన్ ఎనీవే’ ఎక్కడో లోపల దాక్కుని ఉంది. సంతకం శనివారానికి కుదురుతుందా?

ఫ్రిస్కో_బావ · గురువారం, ఉదయం 9:55

కుదరదు. 2023 జూన్ 1 నుంచి సంతకం చేసే రహస్య తాళంచెవి హార్డ్‌వేర్ టోకెన్‌లోనో (పెన్‌డ్రైవ్ లాంటి పరికరం), దానికి సమానమైన భద్రత ఉన్న చోటో ఉండాలి. కంపెనీ వివరాలు సరిచూసి, టోకెన్ పంపి, అంతా అయ్యేసరికి సమయం పడుతుంది. సంతకం ఉన్నా కొత్త ఫైల్‌కు విండోస్ దగ్గర మంచి పేరు వచ్చేదాకా నీలం తెర రావచ్చు. టోకెన్ వచ్చాక సంతకంతో పాటు టైమ్‌స్టాంప్ (ఎప్పుడు సంతకం చేశావో చెప్పే ముద్ర) కూడా వేయించు. లేకపోతే సర్టిఫికెట్ గడువు తీరిన రోజున పాత సెటప్‌ల సంతకాలన్నీ చెల్లకుండా పోతాయి. ఈసారికి నీలం తెర ఫొటో తీసి, ఎక్కడ నొక్కాలో గీత గీసి వాట్సాప్‌లో పెట్టు.

కావేరి_క్యూఏ · గురువారం, ఉదయం 10:20

పోస్టర్ మార్చండి మిర్చియార్డ్ గారూ. శనివారం వద్దు.

మిర్చియార్డ్_కోడర్ · గురువారం, రాత్రి 10:47

మార్చాను. వచ్చే శనివారం అని పెట్టాను. ఇద్దరు ఫోన్ చేసి అడిగారు, మిగతా 138 మంది పోస్టర్ చదివినట్టే లేదు.

ఈలోపు శీను గారు మూడు కొట్ల నుంచి యజమానుల అనుమతితో మొత్తం డిస్క్ కాపీలు తెస్తానన్నారు. వాటి మీద నడిపి చూస్తాను.

మిర్చియార్డ్_కోడర్ · సోమవారం, సాయంత్రం 6:20

మూడు కొట్ల ఫలితాలు. మొదటిది విండోస్ 7, యూఏసీ లేదు, డేటా ప్రోగ్రామ్ ఫైల్స్‌లో. సరిగ్గా వచ్చింది. రెండోది విండోస్ 10, వర్చువల్‌స్టోర్‌లో ఉంది. అదీ వచ్చింది, చివరి బిల్లు నంబర్‌తో సహా.

మూడో కొట్టు దగ్గర బుర్ర తిరిగింది. రెండు చోట్లా ఫైళ్ళు ఉన్నాయి, రెండింటిలోనూ ఈ ఏడాది బిల్లులు ఉన్నాయి. ఏది పాతదో తేలలేదు. నేను తేదీ చూసి కొత్త ఫైల్‌ను ఎంచుకునేలా రాశాను, అంటే రెండో ఫైల్‌లోని బిల్లులన్నీ పోతాయి.

పాత_ఫ్లాపీ · సోమవారం, సాయంత్రం 6:58

ఆ కొట్టులో రెండు ఐకాన్లు ఉంటాయి చూడు. ఒకదాని మీద ఎవరో ‘రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్’ టిక్ పెట్టి ఉంటారు. ఆ ఐకాన్ నొక్కిన రోజు బిల్లులు ప్రోగ్రామ్ ఫైల్స్‌లోకి, ఇంకో ఐకాన్ నొక్కిన రోజు వర్చువల్‌స్టోర్‌లోకి వెళ్ళాయి. ఫైల్ తేదీని నమ్మకు. ఎండీబీని ఊరికే తెరిచి మూసినా తేదీ మారొచ్చు. లోపలి బిల్లులు చూడాలి.

నెట్‌సెంటర్_శీను · సోమవారం, రాత్రి 7:30

నిజమే. డెస్క్‌టాప్ మీద ఒకటి, కింద టాస్క్‌బార్‌లో ఒకటి ఉన్నాయి. యజమాని ఒకటి నొక్కుతారు, గుమాస్తా ఇంకొకటి. ‘అప్పుడప్పుడు బిల్లులు కనబడవు, మళ్ళీ తెరిస్తే వస్తాయి’ అని రెండేళ్ళ నుంచి చెబుతున్నారట.

మిర్చియార్డ్_కోడర్ · సోమవారం, రాత్రి 7:36

ఆ ఫిర్యాదు మా దగ్గరికి రెండుసార్లు వచ్చింది. సిస్టమ్ రీస్టార్ట్ చేయమని చెప్పి పంపాను.

కావేరి_క్యూఏ · సోమవారం, రాత్రి 8:05

రెండు ఫైళ్ళూ దొరికితే ప్రోగ్రామ్ తనంతట తాను నిర్ణయించకూడదు. రెండింటినీ పక్కపక్కన చూపించండి. నంబర్, తేదీ, పార్టీ, మొత్తం అన్నీ ఒకటైన బిల్లును ఒకసారే తీసుకోండి. నంబర్ ఒకటే అయి, పార్టీ పేరు వేరైన బిల్లులను విడిగా పక్కన పెట్టి మనిషిని అడగండి. రెండు ఫైళ్ళూ ఎవరి లెక్కన వాళ్ళు నంబర్లు ఇచ్చుకుంటూ పోయి ఉంటాయి కాబట్టి అలాంటివి తప్పకుండా ఉంటాయి. పాత ఫైళ్ళను మాత్రం దేన్నీ చెరపకండి, పేరు కూడా మార్చకండి.

మిర్చియార్డ్_కోడర్ · శుక్రవారం, రాత్రి 9:15

మూడో కొట్టుకు నేనే వెళ్ళాను. కొత్త సెటప్ గుమాస్తా లాగిన్‌లో మొదలుపెట్టాం, యజమాని పాస్‌వర్డ్ కొట్టారు, ఐకాన్ ఇద్దరికీ వచ్చింది. మైగ్రేషన్ మొదటిసారి తెరిచినప్పుడు నడిచింది. సగంలో నేనే కావాలని ప్లగ్ పీకాను, రెండోసారి మొదటి నుంచి చేసుకుంది. తీసేసి మళ్ళీ వేశాను, డేటా అలాగే ఉంది. డి డ్రైవ్‌లో పెట్టి తీసేసిన పరీక్ష ఆఫీసులోనే చేసుకున్నాను, పక్కన పడేసిన ఫైళ్ళు ఉన్నాయి. తెలుగు పేరున్న ఖాతా ఒక్కటే ఇంకా ఇబ్బంది పెడుతోంది. ఆ నాలుగైదు కొట్లకు రేపు పంపడం లేదు, మేమే వెళ్ళి చేస్తాం.

కావేరి_క్యూఏ · శుక్రవారం, రాత్రి 9:22

మూడో కొట్టులో ఒకే నంబర్‌తో రెండు బిల్లులు ఉన్నవి ఎన్ని తేలాయి?

మిర్చియార్డ్_కోడర్ · శుక్రవారం, రాత్రి 9:25

11 అక్కా. యజమాని అప్పు పుస్తకం తీసి ఒక్కొక్కటీ చూసి చెప్పారు. అందులో రెండు బిల్లుల డబ్బు ఇంతవరకు ఎవరినీ అడగనే లేదట. తిడతారనుకున్నాను, టీ తెప్పించారు.

నెట్‌సెంటర్_శీను · శుక్రవారం, రాత్రి 9:31

ఆ పెన్‌డ్రైవ్ కుర్రాడికి కూడా ఫోన్ చేసి చెప్పాను. ఇప్పుడు బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నాడు. ‘మా మామకు చెప్పండి అన్నా, నాకు కాదు’ అన్నాడు.

మిర్చియార్డ్_కోడర్ · శనివారం, ఉదయం 11:02

లింక్ పెట్టాను. ఇప్పటికి 23 కొట్లు దించుకున్నాయి. ఆరు ఫోన్లు వచ్చాయి, ఆరూ నీలం తెర గురించే.

ఫ్రిస్కో_బావ · శనివారం, ఉదయం 11:10

గీత గీసిన ఫొటో పెట్టలేదా?

మిర్చియార్డ్_కోడర్ · శనివారం, ఉదయం 11:11

పెట్టాను బావా. పోస్టర్ కిందే పెట్టాను.